క్యాన్ బస్ వైరింగ్: నా ఆర్‌వీ-7ఏలో 640 గంటల తర్వాత

టెక్సస్‌లో నా చేతులతో కట్టుకున్న చిన్న విమానం ఆర్‌వీ-7ఏ 2018 శీతాకాలంలో మొదటిసారి ఎగిరింది. ఇప్పటికి 640 గంటలు దాటింది. ప్యానెల్‌లో గార్మిన్ జీ3ఎక్స్ టచ్ స్క్రీన్, పక్కన జీపీఎస్, రేడియో కలిసిన జీటీఎన్ 650. వైరింగ్ అంతా నాదే. స్క్రీన్ల గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను వాటి వెనకున్న రెండు తీగల సంగతి చెబుతాను.

ఈ సిస్టమ్‌లో స్క్రీన్, విమానం వాలు కనిపెట్టే యాటిట్యూడ్ యూనిట్, ఇంజిన్ సెన్సర్ల పెట్టె, ఆటోపైలట్ సర్వోలు (మోటార్లు) అన్నీ ఒకే క్యాన్ బస్ మీద, అంటే అందరూ పంచుకునే ఒకే తీగల జత మీద మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో కార్ల కోసం బయటపెట్టిన పద్ధతే ఇది. హెచ్, ఎల్ అని రెండు తీగలు, పెనవేసి, పైన షీల్డ్. దండ గుచ్చినట్టు ఒక పెట్టె తర్వాత ఇంకోటి వరసగా రావాలి, కొమ్మల్లా చీలకూడదు. రెండు చివర్లా ఒక్కో 120 ఓమ్‌ల టెర్మినేటర్, అంటే సిగ్నల్ కొసన తగిలి వెనక్కి రాకుండా ఆపే రెసిస్టర్. కాగితం మీద పావుగంట పని. నాకు మూడు వారాంతాలు పట్టింది.

ఎందుకంటే, మధ్యలో ఉన్న ప్రతి కనెక్టర్‌కీ ఒక జత వస్తుంది, ఒక జత పోతుంది. రెండు 22 గేజ్ తీగలు ఒకే హై డెన్సిటీ పిన్‌లో దూరవు. అందుకని వచ్చే జతనీ పోయే జతనీ కనెక్టర్‌కి దగ్గర్లోనే కలిపి సోల్డర్ చేసి, అక్కణ్ణుంచి జానెడు తోకని పిన్‌కి దించాను. తోక పొడుగైతే సిగ్నల్ కొసన తగిలి వెనక్కొచ్చి బస్ మీది మాటని చెడగొడుతుంది. ఇలా చేసినందుకు తర్వాత సంతోషించాను: మధ్యలో ఏ పెట్టె ఊడదీసినా మిగతావాటి కబుర్లు ఆగవు. చివరి పెట్టె మాత్రం వేరు. అది విమానం ముక్కుని పైకీ కిందికీ తిప్పే పిచ్ సర్వో. దాని కనెక్టర్‌లో రెండు పిన్‌లకి జంపర్ (చిన్న తీగ ముక్క) వేస్తే టెర్మినేటర్ పనిలోకి వస్తుంది, కానీ ఆ రెసిస్టర్ ఉండేది సర్వో లోపల. సర్వో తీస్తే టెర్మినేటర్ కూడా దాంతోపాటే పోతుంది.

నేను దెబ్బ తిన్నది ఆ జంపర్ దగ్గరే. మొదట దిక్కు కనిపెట్టే మ్యాగ్నెటోమీటర్ రెక్క కొసన ఉండేది, యాటిట్యూడ్ యూనిట్‌కి విడి తీగలతో కలిసేది. లైట్లు వేస్తే హెడింగ్ అటూ ఇటూ ఊగేది. 2020లో దాన్ని తీసేసి విమానం తోకలో జీఎంయూ 11 అనే ఇంకో మ్యాగ్నెటోమీటర్ పెట్టాను. ఇది క్యాన్ మీదే నడుస్తుంది. పిచ్ సర్వో నుంచి బస్‌ని ఇంకాస్త వెనక్కి సాగదీసి, కొత్త కొసన టెర్మినేటర్ పెట్టి, హెడింగ్ కుదురుకుందని మురిసిపోయాను. సర్వో దగ్గరున్న పాత జంపర్ తీయాలన్న సంగతే మర్చిపోయాను.

విచిత్రం ఏంటంటే ఏడాదిపాటు అంతా బాగానే నడిచింది. కాన్ఫిగరేషన్ పేజీలో అన్ని యూనిట్లకీ ఆకుపచ్చ టిక్కులే. ఆ తర్వాత చలికాలం పొద్దుటిపూట ఎగిరినప్పుడల్లా పిచ్ సర్వో క్షణంపాటు మాయమయ్యేది, ఆటోపైలట్ చేతులెత్తేసేది. నేల మీదికి వచ్చి చూస్తే ఏ తప్పూ లేదు. సర్వోనే పోయిందనుకుని కొత్తది కొనబోయాను కూడా. హైదరాబాద్‌లో కార్ల ఎలక్ట్రానిక్స్ టెస్టింగ్ చేసే మా బావమరిదికి ఏదో మాటల్లో ఫోన్‌లో ఈ గోడు చెప్పుకున్నాను.

"బావా, మాస్టర్ స్విచ్ ఆపేసి హెచ్‌కీ ఎల్‌కీ మధ్య మీటర్ పెట్టండి. ఎంత చూపిస్తోంది?"

"నలభై."

అవతల ఒకటే నవ్వు. "మూడో టెర్మినేటర్ ఎక్కడో ఉంది, వెతకండి."

రెండు 120లు సమాంతరంగా ఉంటే 60 రావాలి. 120 వస్తే ఒకటి లేనట్టు, 40 వస్తే ఒకటి ఎక్కువైనట్టు. ఎక్కువైతే లోడ్ పెరిగి హెచ్, ఎల్ మధ్య వోల్టేజీ తేడా తగ్గుతుంది. మామూలు రోజుల్లో సర్దుకుపోతుంది, కనెక్షన్ ఏమాత్రం బలహీనపడినా మాట తప్పుతుంది. లగేజీ అర వెనక బల్క్‌హెడ్ విప్పి, తోకలోకి బోర్లా పాకి, సర్వో దగ్గరున్న, వేలెడంత ఆ తెల్ల జంపర్ తీగని కత్తిరించాను. మళ్లీ మీటర్ పెడితే 60. ఆ తర్వాత సర్వో ఒక్కసారి కూడా అలగలేదు.

తీగ విషయానికొస్తే, ఎం27500 రకం టెఫ్‌జెల్ షీల్డెడ్ జత వాడాను. 150 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది, ఇన్నేళ్లలో ఎక్కడా పగల్లేదు, గట్టిపడలేదు. పిన్‌లని తీగకి నొక్కి బిగించే క్రింపర్ దగ్గర మాత్రం పిసినారితనం చేశాను. చవగ్గా కొన్న పనిముట్టుతో వేసిన మొదటి పదిహేను పిన్‌లలో నాలుగు, కాస్త లాగితే చాలు, చేతిలోకి వచ్చేశాయి. వాటిని పారేసి నాలుగు వైపులా నొక్కే ఎం22520/2-01 కొన్నాను. ధర చూసి ఇంట్లో వారం రోజులు మౌనవ్రతం నడిచింది. దాంతో వేసిన పిన్ ఇంతవరకూ ఒక్కటీ ఊడలేదు.

జీటీఎన్‌నీ, దాన్ని ఈ సిస్టమ్‌కి జోడించే జీఏడీ 29 అడాప్టర్‌నీ కలిపే ఏరింక్ 429 అనే విమాన డేటా లైన్‌తో పెద్ద గొడవ లేదు. అది ఒకవైపే నడిచే దారి, పంపేది ఒకటి, వినేవి 20 దాకా ఉండొచ్చు. ఏ, బీ తీగలు తారుమారు చేసి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను, అంతే. ఆర్‌ఎస్-232 అనే మరో డేటా లైన్‌లో ఒకరి టీఎక్స్ (పంపే తీగ) ఇంకొకరి ఆర్‌ఎక్స్‌కి (అందుకునే తీగకి) వెళ్లాలని గుర్తుంటే చాలు.

మళ్లీ కడితే రెండు మార్పులు చేస్తాను. విమానం తోక వైపు తీగ ఒక మూర ఎక్కువ వదులుతాను, సర్వో కనెక్టర్‌ని బయటికి లాక్కుని వెలుతుర్లో కూర్చుని పని చేసుకోవచ్చు. రెండోది, హెచ్, ఎల్ తీగల్ని కొలవడానికి ప్యానెల్ కింద చేతికందే చోట చిన్న కనెక్టర్ ఒకటి పెడతాను, దాని తోక కూడా జానెడు దాటకుండా. ఇప్పుడైతే ఏటా కండిషన్ ఇన్‌స్పెక్షన్‌కి సీటు తీసి, రడ్డర్ పెడల్స్ మధ్య తల పెట్టి వెల్లకిలా పడుకుంటే గానీ మీటర్ అందడం లేదు. పోయిన నెల కూడా అలాగే పడుకుని కొలిచాను. 60.4.