చాక్ పెయింట్ కిట్: రంగు భేష్, మైనం దండగ

బాగున్న బల్లకి రంగు వేసి, ఆ రంగునే మళ్లీ అక్కడక్కడా గీకి పాతదానిలా చేయడానికి కిట్ కొన్నానంటే ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వరా మరి.

ముందు మంచి చెప్తాను. చాక్ పెయింట్ అంటే 1990లో యానీ స్లోన్ అనే బ్రిటిష్ రంగుల తయారీదారు తన రంగుకి పెట్టుకున్న పేరు, ఇప్పుడు అందరూ అలాంటివి చేస్తున్నారు, నేను కొన్నది ఆవిడది కాదు. గరిటజారుగా ఉంది, వాసన దాదాపు లేదు, ఆరాక మెరుపు లేకుండా సుద్ద పూసినట్టు తేలింది.

‘ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) అక్కర్లేదు’ అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంటే నమ్మేశాను. తెల్లరంగు వేసిన మర్నాటికి టీ ఒలికినట్టు గోధుమరంగు మరకలు! ఇంకో కోటింగ్ వేస్తే అందులోంచీ పైకొచ్చాయి. చెక్కలో సహజంగా ఉండే టానిన్లు అనే రంగు పదార్థాలు నీళ్లతో కలిపిన రంగులోకి ఊరతాయట. లక్కతో చేసే షెల్లాక్ ప్రైమర్ ఒక పొర వేశాకే ఆగాయి.

అసలు కిటుకు కిట్‌లో లేదు, కొవ్వొత్తిలో ఉంది. కింద ముదురు నీలం వేసి, ఆరాక అంచుల మీద కొవ్వొత్తి ముక్క రుద్ది, పైన తెలుపు వేశాను. మైనం తగిలినచోట పై రంగు పట్టదు కదా, 220 నంబరు సన్న శాండ్ పేపర్‌తో రెండుసార్లు అలా అంటే చాలు, పొట్టులా లేచిపోయి నీలం బయటపడింది. కిట్‌లో ఇచ్చిన 80 నంబరు గరుకుది మాత్రం వాడకండి, ఒక్క దెబ్బకి చెక్కదాకా వెళ్లిపోయింది. గీకడం కూడా చేతులు తగిలి మామూలుగా అరిగే చోట్లే, అంటే పిడుల చుట్టూ, మూలల్లో, కాళ్ల అంచుల్లో. నేను ఊపులో పక్క పలక నడిమధ్య కూడా రుద్దేశాను, ఇప్పుడది పిల్లి గీరినట్టుంది. (మీ సామానుకి ఎప్పటిదో పాత పెయింట్ ఉంటే అందులో సీసం ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా గీకొద్దు.)

ఇక రంగు మీద పూయమని కిట్‌లో ఇచ్చిన పైపూత మైనం. పూసిన మూడో రోజు చల్లటి గ్లాసు పెడితే తెల్లటి రింగు పడింది. అది పూర్తిగా గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుందన్న మాట డబ్బా మీద ఎక్కడా లేదు. మైనం మీద వార్నిష్ నిలవదు కాబట్టి పై పలకంతా టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మ్యాట్ వార్నిష్ వేసుకోవాల్సి వచ్చింది.

రంగులు విడిగా దొరికితే మళ్లీ కొంటాను. మిగిలిన మైనం బిగుసుకుపోయే సొరుగుల అంచులకి రాస్తున్నాను, దానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తోంది.