వాషింగ్టన్ డీసీని రాత్రిపూట సైకిలెక్కి చూడండి

న్యూజెర్సీ నుంచి మన తెలుగు కుటుంబాలు వాషింగ్టన్ డీసీ చూసే పద్ధతి దాదాపు అందరిదీ ఒకటే. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో దిగగానే ఒక శనివారం తెల్లవారుజామున పులిహోర కట్టుకుని కారెక్కడం, నాలుగు గంటలు డ్రైవింగు, పార్కింగ్ కోసం ఇంకో గంట తిరుగుడు, మిట్టమధ్యాహ్నం వైట్‌హౌస్ కంచె ముందు ఫోటో, ఆ తర్వాత ఎండలో కాళ్లీడ్చుకుంటూ లింకన్ దగ్గరికి చేరేసరికి పెద్దవాళ్ల మోకాళ్ల పని అయిపోవడం. జులైలో అక్కడి ఉక్కపోత మన కోస్తా వాళ్లకి కొత్తేమీ కాదు గానీ నేషనల్ మాల్ అనే నీడలేని ఆ మైదానం మాత్రం ఎవరికైనా కష్టమే. వాళ్ల పార్లమెంటు భవనం క్యాపిటల్ నుంచి లింకన్ మెమోరియల్ దాకా దాదాపు రెండు మైళ్లు, అదీ ఒకవైపే. అక్కడి నుంచి టైడల్ బేసిన్ అనే చెరువు చుట్టూ తిరగాలంటే ఇంకో రెండు. మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, అందుకే అందరూ నడిచేద్దాం అనుకుంటారు.

ఈసారి మేం రాత్రి వెళ్లాం. నేను, మా ఆయన, మరిది, మామయ్యగారు ఎలక్ట్రిక్ సైకిళ్ల మీద గైడ్‌తో. అత్తయ్యగారు, మా తోడికోడలు సైకిల్ రిక్షాలో. ఒకే ఊరిని ఒకే రాత్రి రెండు రకాలుగా చూసిన వాళ్లం కాబట్టి ఏది ఎవరికి పనికొస్తుందో కాస్త ధైర్యంగానే చెప్పగలను.

ముందు డబ్బు సంగతి. అక్కడి మెమోరియల్స్ అన్నీ 24 గంటలూ తెరిచే ఉంటాయి, దేనికీ టికెట్ లేదు, పార్క్ రేంజర్లు కూడా రాత్రి 10 దాకా ఉంటారు, అడిగితే ఓపిగ్గా చెప్తారు. మరి మనిషికి డెబ్భై ఎనభై డాలర్లు, పైన టిప్పు దేనికి ఇవ్వాలి? దూరం కరిగించడానికి, చీకట్లో ఏది ఎక్కడుందో తెలిసిన మనిషి కోసం. ఈ రెండూ అక్కర్లేని వాళ్లు, అంటే ఇదివరకే ఊరు చూసినవాళ్లు, క్యాపిటల్ బైక్‌షేర్ అనే అద్దె సైకిళ్లు తీసుకోవచ్చు. 2010 నుంచి ఉన్న సర్వీసు అది, లింకన్ మెమోరియల్ దగ్గరా జెఫర్సన్ మెమోరియల్ దగ్గరా స్టాండ్లున్నాయి, ఎలక్ట్రిక్‌వి కూడా దొరుకుతాయి. నిమిషాల లెక్కన చార్జీ కాబట్టి స్టాండులో పెట్టేసి చూసి, మళ్లీ ఇంకోటి తీసుకోవడమే తెలివైన పని.

నిలబడి నడిపే ఎలక్ట్రిక్ స్కూటర్లతో కూడా రాత్రి టూర్లున్నాయి, కుర్రకారు వాటికే ఎగబడతారు. నేనైతే వద్దంటాను. మైదానంలో దారులు చాలాచోట్ల సన్న గులకవి, ఆ స్కూటర్ల చక్రాలు అరచేయంతే ఉంటాయి, చీకట్లో ప్రతి రాయీ వెన్నుపూసలో తెలుస్తుంది. మూడు గంటలు నిలబడే ఉండాలి, నీళ్ల సీసా పెట్టుకునే చోటు కూడా ఉండదు. యాప్‌తో వీధిలో తీసుకునే స్కూటర్లది ఇంకో తలనొప్పి. మా మరిది అంతకుముందు స్నేహితులతో వచ్చినప్పుడు ఒకటి అద్దెకి తీసుకుంటే, తీరా మెమోరియల్ దగ్గర దిగాక 'ఇక్కడ ట్రిప్పు ముగించడం కుదరదు' అందట యాప్. మీటరు తిరుగుతుండగా నాలుగు వీధులు వెనక్కి నెట్టుకెళ్లి పెట్టొచ్చాడట.

ఇక ఎలక్ట్రిక్ సైకిల్ అంటే తొక్కక్కర్లేదనుకునేరు. మాకిచ్చినవి తొక్కితేనే మోటారు సాయం చేసే రకం. గంటకి 20 మైళ్లు దాటితే మోటారు దానంతటదే ఆగిపోతుంది, మేం అందులో సగం వేగం కూడా పోలేదనుకోండి. పెడల్ మీద కాలేయగానే ఒక్క ఉదుటున ముందుకి దూకుతుంది, కాబట్టి మొదట్లో మోటారు సాయం 1వ స్థాయిలోనే పెట్టుకోవాలి. బరువు బాగా ఎక్కువ, ఆగినప్పుడు పక్కకి ఒరిగిందంటే ఆపడం ఆడవాళ్లకే కాదు మగవాళ్లకీ కష్టమే. అన్నిటికన్నా ముఖ్యం బ్రేకులు: మన దగ్గర సైకిల్‌కి కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి, అమెరికాలో ఎడమచేతిది ముందు చక్రానికి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి ఇది ఒకటికి రెండుసార్లు చెప్పి, ఖాళీ స్థలంలో నొక్కించి చూపించండి. మా గైడ్ చెప్పలేదు, మా ఆయన చెప్పారు.

మామయ్యగారికి 66 ఏళ్లు. రాజమండ్రి చుట్టుపక్కల పల్లెల్లో మాస్టారుగా సర్వీసంతా సైకిల్ మీదే బడికెళ్లినాయన. గైడ్ కుర్రాడు ఆయన్ని చూసి కాస్త జంకి, కంపెనీ వాళ్ల షెడ్డు ముందు రెండు చుట్లు తొక్కి చూపించమన్నాడు. ఆయన పంచెకట్టుకి అలవాటైన మనిషి, ప్యాంటు అంచు మడిచి సాక్సులో దోపుకుని, ఎనిమిది ఆకారంలో తిప్పుకొచ్చి ఆపి, "అమ్మాయ్, పాసయ్యానో లేదో కనుక్కో" అన్నారు. ఆ తర్వాత రాత్రంతా గైడ్ వెనకాలే రెండో సైకిల్ ఆయనదే.

క్యాపిటల్ దగ్గర ఒక ఫోటో, రెండో ప్రపంచ యుద్ధం మెమోరియల్ దగ్గర ఫౌంటెన్లు, గోడ మీద 4,048 బంగారు నక్షత్రాలు, ఒక్కో నక్షత్రం వందమంది అమెరికన్ సైనికుల చావుకి గుర్తు. వాషింగ్టన్ మాన్యుమెంట్ 555 అడుగుల స్తంభం, కింది భాగానికీ పైభాగానికీ రంగు తేడా ఉంటుంది, 1854లో డబ్బుల్లేక పని ఆగిపోయి పాతికేళ్ల తర్వాత మొదలుపెట్టేసరికి అదే రాయి దొరకలేదు. ఇవన్నీ పగలు చూసినా ఒకటే. అసలు రాత్రికి వెళ్లాల్సింది ఆ తర్వాత వచ్చే వాటి కోసం.

వియత్నాం గోడ దగ్గర సైకిళ్లు బయటే పెట్టి నడవాలి (ఏ మెమోరియల్ లోపలికీ సైకిల్ రానివ్వరు, అది సరైన రూలే). నేలలోకి దిగుతున్నట్టుండే దారి, పక్కన నల్ల గ్రానైట్ పలకల మీద 58 వేలకు పైగా పేర్లు. అక్షరక్రమంలో ఉండవు, చనిపోయిన క్రమంలో ఉంటాయి. మధ్య మూలలో 1959తో మొదలై కుడివైపు చివరిదాకా పోయి, మళ్లీ ఎడమ చివర నుంచి నడుచుకుంటూ వచ్చి 1975లో అదే మూలలో కలుస్తాయి. దీపాలు కింది నుంచి మాత్రమే ఉంటాయి కాబట్టి మోకాలి ఎత్తు దాకా పేర్లు బాగా కనిపించి పైవి చీకట్లో కలిసిపోతాయి. గైడ్ చిన్న టార్చి వేసి ఒక్కో పేరు పక్కనున్న గుర్తు చూపించాడు: చిన్న వజ్రం ఆకారం ఉంటే చనిపోయినట్టు తేలింది, కూడిక గుర్తుంటే ఆచూకీ లేదు. ఆ రాయి కర్ణాటక నుంచి, బెంగళూరు వైపు గనుల నుంచి తెచ్చిందని కూడా చెప్పాడు. మామయ్యగారు వంగి వేలితో తడిమి, "అవును, మన గ్రానైటే" అన్నారు. దీన్ని గీసిచ్చిన మాయా లిన్‌కి అప్పటికి 21 ఏళ్లు, ఇంకా కాలేజీలో చదువుతోంది, పోటీకి 1,421 నమూనాలు వస్తే ఆమెది ఎంపికైంది. 1982లో కట్టారు.

కొరియా యుద్ధం మెమోరియల్ పగలు చూస్తే నాకు పెద్దగా ఎక్కలేదు. రాత్రి చూస్తే వేరు. వానకోట్లు కప్పుకున్న 19 మంది సైనికుల స్టీలు బొమ్మలు, ఒక్కోటి ఏడడుగులపైనే, మొక్కల మధ్య నుంచి నడుస్తున్నట్టు. దీపాలు మొహాలకి పడతాయి, ఒంటికి పడవు. ఎటు నిలబడినా ఎవడో ఒకడు సరిగ్గా మన వైపే చూస్తున్నట్టుంటుంది. పక్కనున్న నల్లగోడలో వాళ్ల నీడలు కలిపితే 38 అవుతాయి, రెండు కొరియాల మధ్య 38వ అక్షాంశం గీత గుర్తొచ్చేలా. మా బృందంలో అందాకా పెద్ద గొంతుతో మాట్లాడుతున్నావిడ ఇక్కడ మాత్రం మాట్లాడలేదు.

లింకన్ గురించి కొత్తగా చెప్పేదేముంది, 19 అడుగుల విగ్రహం, 36 స్తంభాలు, మెట్ల మీద మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఆగస్టు 28న నిలబడి మాట్లాడిన చోట చెక్కిన అక్షరాలు. అయితే లోపల ఉత్తరపు గోడ మీద లింకన్ ప్రసంగంలో ఫ్యూచర్ అనే మాటలో మొదటి అక్షరం ఎఫ్ (F) బదులు పొరపాటున ఈ (E) చెక్కారు, తర్వాత కింది గీత పూడ్చారు. పూడ్చిన మచ్చ టార్చి వెలుగులో స్పష్టంగా కనిపించింది. జీవితమంతా పిల్లల కాపీ పుస్తకాల్లో తప్పులు దిద్దిన మామయ్యగారికి లింకన్ కన్నా అదే ఎక్కువ నచ్చింది.

మన వాళ్లు తొంభై పాళ్లు ఇక్కడే వెనక్కి తిరిగిపోతారు. సైకిల్ ఉంటే దక్కేది దీని తర్వాతే. టైడల్ బేసిన్ ఒడ్డున కింగ్ విగ్రహం (2011, 30 అడుగులు), అక్కడి నుంచి రూజ్‌వెల్ట్ మెమోరియల్, ఆయన నాలుగుసార్లు ప్రెసిడెంట్ అయినందుకు నాలుగు పైకప్పులేని గదులు, ప్రతి గదిలో నీళ్ల చప్పుడు, రొట్టె కోసం క్యూలో నిలబడ్డ కంచు మనుషులు. పోలియోతో కాళ్లు పడిపోయిన ఆయన చక్రాల కుర్చీలో కూర్చున్న విగ్రహం మొదట లేదు, వికలాంగులు పట్టుబడితే 2001లో పెట్టారు. ఊరు మొత్తం మీద నాకు నచ్చింది ఇదే, రాత్రి తొమ్మిదిన్నరకి జనమే లేరు. మా గైడ్ మాత్రం 'టైమ్ అయిపోతోంది, దీన్ని బయట నుంచి చూసి జెఫర్సన్‌కి పోదాం' అన్నాడు. మా మరిది ఊరుకోలేదు. మూడు గంటలని రాసుకున్న టూర్‌లో అరగంట సంతకాలకి, హెల్మెట్లు సరిచూడ్డానికి మీరే తీసుకున్నారు కదా అంటే, సరే పావుగంట అన్నాడు. ఆ పావుగంటా పరుగే. జెఫర్సన్ దగ్గర మళ్లీ తీరిగ్గానే ఉన్నాడు పాపం. 1943లో ప్రారంభించే నాటికి యుద్ధం వల్ల లోహం దొరక్క ముందు ప్లాస్టర్ బొమ్మ పెట్టారని, కంచుది 1947లో వచ్చిందని అక్కడే చెప్పాడు.

మా బృందంలో డజను మందిమి. చెవిలో పెట్టుకునే రేడియోలు ఇవ్వలేదు, దాంతో గైడ్ దారిలో చెప్పేవి ముందున్న నలుగురికే అందాయి. వెనకాల వచ్చిన నాకు మామయ్యగారు ఆగిన ప్రతిచోటా అనువాదం చేసి పెట్టారు, ఆయన ఇంగ్లీషు మాస్టారు కావడం మా అదృష్టం. కాబట్టి బుక్ చేసేముందు ఫోన్ చేసి కనుక్కోండి: ఒక గైడ్‌కి ఎంతమంది, చెవి రేడియోలు ఇస్తారా, ఫారాల టైమ్ టూర్‌లోకి వస్తుందా, రూజ్‌వెల్ట్ లోపలికి తీసుకెళ్తారా, ఉరుములొస్తే డబ్బు తిరిగిస్తారా లేక వేరే తేదీనా. అక్కడ ఎండాకాలం సాయంత్రాలు ఉరుముల వాన మామూలే.

రిక్షా సంగతి. స్మిత్సోనియన్ మెట్రో స్టేషన్ దగ్గర, లింకన్ దగ్గర నిలబడి ఉంటారు, చాలావాటికి మోటారు సాయం ఉంటుంది. ధర ఎక్కకముందే మాట్లాడుకోవాలి, గంటకా, మనిషికా, మొత్తం బండికా అన్నది తేల్చుకోవాలి. బేరం ఆడితే తగ్గారు. అత్తయ్యగారు, "గోదావరి గట్టు మీద పది రూపాయలకి ఎక్కేదాన్ని" అని గొణుగుతూనే ఎక్కారు గానీ, చివర్లో లెక్క చూస్తే మాకన్నా ఆవిడే హాయిగా చూశారు. అడిగిన చోట ఆపాడు, అడిగినంతసేపు ఉన్నాడు, బాత్రూం ఎక్కడుందో అతనికి తెలుసు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇద్దరుంటే నిస్సంకోచంగా ఇదే. డబ్బు మాత్రం మనిషికి మా సైకిల్ టికెట్ కన్నా ఎక్కువే అయింది.

నెలల విషయానికొస్తే మే, సెప్టెంబరు, అక్టోబరు మంచివి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూల సీజన్‌లో టైడల్ బేసిన్ ఒడ్డున సైకిల్ నడపడం కాదు కదా, నెట్టుకుపోవడానికి కూడా సందు దొరకదు. జూన్, జులైల్లో ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది, ఏడింటికి మొదలయ్యే 'నైట్ టూర్' తీసుకుంటే సగం పగలే అయిపోతుంది, ఆఖరి బ్యాచ్ అడగండి.

బస మేం నది అవతల వర్జీనియా వైపు రాస్లిన్‌లో తీసుకున్నాం. డౌన్‌టౌన్ హోటళ్ల కన్నా తక్కువలో వచ్చింది, స్మిత్సోనియన్ స్టేషన్‌కి రైలు మారక్కర్లేదు, సిల్వర్, ఆరెంజ్, బ్లూ మూడు లైన్లూ పోతాయి. తిరుగు ప్రయాణానికి ఆఖరి రైలు ఎన్నింటికో వారాన్ని బట్టి మారుతుంది, ముందే చూసుకోండి. హోటల్ పార్కింగ్‌కి మాత్రం రాత్రికి నలభై డాలర్లు గుంజారు, వెబ్‌సైట్‌లో ఆ ముక్క అడుగున ఎక్కడో ఉంది. ఉదయం టిఫిన్‌లో శాకాహారులకి బ్రెడ్డు, అరటిపండు తప్ప ఏమీ లేదు. తిండి గురించి ఇంకో మాట: మైదానం చుట్టుపక్కల రాత్రి తొమ్మిది దాటితే టీ నీళ్లు కూడా పుట్టవు. జెఫర్సన్ దగ్గర ముగిస్తే ది వార్ఫ్ అనే నదీతీరం బజారు దగ్గర్లోనే, అక్కడ పొద్దుపోయేదాకా తెరిచి ఉంటాయి, కానీ మేం నలుగురం సైకిళ్లు అప్పగించి వచ్చేసరికి అత్తయ్యగారు రిక్షాలోనే మిగిలిన పులిహోర అందరికీ పంచేశారు, రిక్షా అబ్బాయికి కూడా.