అత్తయ్య "తగినంత"కి నాలుగేళ్లుగా నేను వాడుతున్న కాటా

ఈ డిజిటల్ కాటా మా వంటింట్లోకి వచ్చి నాలుగేళ్లు దాటింది. కొన్నది కేకుల కోసం కాదు, అత్తయ్య వంటలు రాసిపెట్టుకోవడానికి. మా ఆయన వాళ్లు కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో ఉండే మెన్నొనైట్లు, అంటే ఒక క్రైస్తవ శాఖ వాళ్లు. అత్తయ్యకి ఎనభై దాటాయి. ఆవిడ రెసిపీ కార్డుల్లో పాలు, వెన్న రాసి ఉంటాయి కానీ పిండి దగ్గరికి వచ్చేసరికి "తగినంత" అనే ఉంటుంది.

మొదట్లో ఆవిడ పిండి తీస్తుంటే చెయ్యి ఆపించి మరీ తూచేదాన్ని. ఆవిడ వాటం తప్పిపోయేది, ఇద్దరికీ టెన్షన్. తర్వాత పిండి డబ్బానే తూచడం మొదలుపెట్టాను, కలపకముందు ఒకసారి, కలిపాక ఒకసారి. ఎంత తగ్గితే అంత ఆవిడ చేతి కొలత. మూడు శనివారాలు వరసగా తూస్తే తేడా 30 గ్రాములు కూడా రాలేదు! ఆ రోజు నాకు ఆవిడ చేతులకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ శనివారాల వంట జ్వీబాక్. వెన్న బాగా పట్టించిన బన్ను, పెద్ద ఉండ మీద చిన్న ఉండ. ఆదివారం మధ్యాహ్నం ఫాస్పా అని కాఫీ, జామ్, చీజ్‌తో తింటారు. కాటా ప్రకారం కింది ఉండ 40 గ్రాములు, పైది 25. అన్నీ సరిగ్గా తూచి నేను ఒక్కదాన్నే చేస్తే ఓవెన్‌లో సగం తలలు పక్కకి ఒరిగిపోయాయి. అత్తయ్య ఏమీ అనలేదు. నా బొటనవేలు పట్టుకుని పై ఉండ నడుమ నుంచి కింద ట్రే తగిలేదాకా నొక్కించింది. కాటాలో పడనిది అదే. అప్పటి నుంచి తూకంతో పాటు ఆవిడ చేతులు వీడియో తీస్తున్నాను, మాటలు ఫోన్లో రికార్డు చేస్తున్నాను.

ఆ మాటల్లోనే దొరికింది ఎండు జ్వీబాక్ కథ. మిగిలిన బన్నుల్ని సన్నని వేడి మీద తేమ పోయేదాకా ఎండబెడితే నెలల తరబడి పాడవవు. 1920ల్లో దాదాపు 20,000 మంది మెన్నొనైట్లు సోవియట్ దేశం వదిలి కెనడా వచ్చారు. అత్తయ్య వాళ్లమ్మ 1926లో ఓడెక్కినప్పుడు ఏడేళ్ల పిల్ల, దారిలో తిండికి దిండు గలీబు నిండా ఇవే. మాది నల్గొండ. 1890 ప్రాంతంలో మా ఊళ్లో మిషన్ పెట్టిన ఫ్రీసెన్ దంపతులు కూడా రష్యా మెన్నొనైట్లేనని ఆ రికార్డింగ్ రోజే తెలిసింది. వాళ్లూ దారిలో ఇవే నముల్తూ వచ్చి ఉంటారని ఇద్దరం అనుకున్నాం.

ఇక కాటా సంగతి. రెండు నిమిషాలు కదలకపోతే తనంతట తనే ఆగిపోతుంది, అత్తయ్య కథ మొదలుపెట్టిన ప్రతిసారీ గిన్నె బరువు మళ్లీ సున్నా. ఇది నిజంగా విసిగిస్తుంది. కొనేవాళ్లు ఆటో ఆఫ్ తీసేసే వీలున్నది చూసుకోండి. ఈస్ట్, ఉప్పు లాంటి చిన్న బరువులు దీనికి అందవు, వాటికి చెంచానే నయం. బ్యాటరీలు మాత్రం ఏడాదికి ఒకసారి మారిస్తే చాలు.

ఇప్పటికి పదకొండు వంటలు గ్రాముల్లోకి వచ్చాయి. లోపల కూరిక పెట్టి ఉడికించే వెరెనికీ, సోరెల్ అనే పుల్లటి ఆకు వేసి చేసే సుమ్మా బోర్ష్ట్ సూపు, ఎండు పళ్ల సూపు ప్లూమా మూస్ అయిపోయాయి. ఈస్టర్‌కి కాఫీ డబ్బాల్లో కాల్చే పాస్కా రొట్టె మిగిలింది. దానికి అత్తయ్య పాత డబ్బాలే కావాలంటోంది, ఈ వారం అటక మీద వెతకాలి.