బాయిలర్‌కు బొగ్గా, ఫర్నేస్ ఆయిలా?

విశాఖలో ఆవిరి బాయిలర్ పెట్టేవారిని ఈ ప్రశ్న వదలదు.

వేడి: కిలో ఫర్నేస్ ఆయిల్‌కు (ముడిచమురు శుద్ధిలో మిగిలే చిక్కటి ఇంధనం) సుమారు 10,000 కిలోకేలరీలు, మన బొగ్గుకు చాలావరకు 3,500–4,500.

ఖర్చు: అయినా అదే వేడికి సాధారణంగా బొగ్గే చవక.

శ్రమ: నా దృష్టిలో అసలు చిక్కు బూడిదే. బొగ్గులో అది 30–40 శాతం. పది టన్నులు కాల్చితే మూడు నాలుగు టన్నులు ఎత్తిపోయాలి. పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రానికైతే బూడిద చెరువు ఉంది, చిన్న షెడ్డుకు ఎక్కడిది? ఆయిల్‌లో బూడిద దాదాపు ఉండదు. కానీ ఆయిల్ చిక్కన, బాగా వేడిచేస్తేనే బర్నర్‌లో సన్నని తుంపరవుతుంది.

ముప్పు: బొగ్గు కుప్ప తనంతట తానే రాజుకోవచ్చు. పొగ మరీ చల్లబడితే ఆయిల్‌లోని గంధకం ఆమ్లమై లోహాన్ని తినేస్తుంది.

స్థలముండి, రోజంతా ఒకే లోడుతో (ఒకే మోతాదు ఆవిరి వాడకంతో) నడిపితే బొగ్గు. ఇరుకు చోటులో, ఆపి ఆపి నడిపేవారికి ఆయిల్.