కీర్తనలకు వరుస సంఖ్యలు: పొజిషనా, కౌంటా, ఎక్స్‌ఎస్‌ఎల్ నంబరా?

తిరుపతిలో పుస్తకాల పని చేసేవాళ్ల చేతికి అన్నమయ్య కీర్తనలు ఎప్పుడో ఒకప్పుడు రాక మానవు. మేమూ మూడు వందల పైచిలుకు కీర్తనల్ని ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో (ప్రతి భాగానికీ ట్యాగు పెట్టి రాసే ఫైలు) కూర్చి, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్లతో (ఆ ఫైలును పేజీలుగా మార్చే సూచనలు) అచ్చుకీ వెబ్‌కీ పేజీలు తీశాం. అందులో అన్నిటికంటే టెన్షన్ పెట్టింది వరుస సంఖ్యలే. స్టైల్‌షీట్ చేతే సంఖ్యలు వేయించడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందుగా పట్టుకునేది ‘పొజిషన్’ ఫంక్షన్. రాయడం తేలిక, వేగం కూడా బాగుంటుంది. కానీ అది చెప్పేది ఇప్పుడు నడుస్తున్న జాబితాలో ఎన్నోదో, అంతవరకే. ఒక పల్లవి, మూడు చరణాలు ఉన్న కీర్తన తీసుకోండి. ‘సెలెక్ట్’లో ఏవి కావాలో చెప్పకుండా ‘అప్లై టెంప్లేట్స్’ (లోపలి భాగాల్ని ఒక్కొక్కటిగా నడిపించే ఆదేశం) అంటే చరణాలకు 4, 6, 8 అని పడతాయి. ట్యాగుల మధ్య ఉన్న ఖాళీలు, లైన్ బ్రేకులు కూడా టెక్స్ట్ నోడ్లుగా (డాక్యుమెంట్‌లో విడి భాగాలుగా) లెక్కలోకి వస్తాయి మరి. ‘స్ట్రిప్ స్పేస్’తో ఆ ఖాళీలు తీసేస్తే 2, 3, 4 వస్తాయి, ఎందుకంటే పల్లవి 1 తీసేసుకుంది. సెలెక్ట్‌లో చరణం అని పేరు పెట్టి అడిగితేనే 1, 2, 3.

మాకు అసలు దెబ్బ తగిలింది అకారాది సూచికలో. మొదటి పాదాల్ని సార్ట్ చేసి, పక్కన కీర్తన సంఖ్య కోసం పొజిషన్ వాడాం. సార్ట్ అయ్యాక పొజిషన్ ఆ కొత్త వరుసనే చెబుతుంది. చూడ్డానికి 1, 2, 3 అని ముచ్చటగా ఉంది. ప్రూఫు చూసిన పెద్దాయన ఒక పాదం వెతికి, పక్కనున్న సంఖ్య పట్టుకుని పుస్తకం తిప్పితే అక్కడ వేరే కీర్తన ఉంది. సూచిక మొత్తం మళ్లీ తీశాం. కొండమీద దర్శనం టోకెన్ మీద వేసిన నంబరు వేరు, కంపార్ట్‌మెంట్‌లో మనం కూర్చున్న వరుస వేరు. సూచికలో పాఠకుడికి కావలసింది టోకెన్ నంబరు.

అక్కడ సరిపోయేది ‘ఎక్స్‌ఎస్‌ఎల్ నంబర్’. ఎలా సార్ట్ చేసినా అది మూల డాక్యుమెంట్‌లో ఆ కీర్తన ఉన్న చోటునే లెక్కపెడుతుంది. లెవెల్ ‘ఎనీ’ అంటే అధ్యాయాలు దాటి పుస్తకమంతా ఒకే వరుస. ‘ఫ్రమ్’ ఇస్తే ప్రతి అధ్యాయంలో మళ్లీ 1 నుంచి. ‘మల్టిపుల్’ అంటే 3.2 లాంటివి. ఫార్మాట్‌లో ౧ అని పెడితే తెలుగు అంకెల్లో వేయడానికి 1999 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 ప్రమాణంలోనే వీలుంది. ఇది చూసినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. సార్ట్ అయిన వరుసే కావాలన్నా దీని ‘వేల్యూ’లో పొజిషన్ పెట్టి ఆ అంకెల్లోనే వేయించుకోవచ్చు.

లోటు ఒకటుంది. 1.0లో అది ప్రస్తుత నోడ్‌కు మాత్రమే సంఖ్య వేస్తుంది. ‘12వ కీర్తన చూడండి’ అని వేరేచోట రాయాలంటే ‘ఫర్ ఈచ్’తో ఆ కీర్తన దగ్గరకు వెళ్లి వేయించాలి. 2007లో వచ్చిన 2.0 నుంచి ‘సెలెక్ట్’ ఉంది కాబట్టి ఆ తిప్పలు లేవు.

ఇక మూడోది ‘కౌంట్’: ముందున్న తోబుట్టువుల్ని, అంటే ఒకే చోట పక్కపక్కన ఉన్న మూలకాల్ని (ట్యాగు పెట్టిన భాగాల్ని), లెక్కపెట్టి ఒకటి కలపడం. షరతుల్లో, ఐడీల్లో నేరుగా వాడుకోవచ్చు. చరణాలకు హాయిగా సరిపోతుంది. పుస్తకమంతటికీ వద్దు. ప్రతి మూలకానికీ వెనక్కి వెళ్లి మొదటినుంచి లెక్కపెడితే, పదివేల మూలకాలకు సుమారు 5 కోట్ల లెక్కింపులు.

నా మటుకు పుస్తకం పనికి ఎక్స్‌ఎస్‌ఎల్ నంబరే మేలు. తెరమీద చూపే జాబితాకో, వెతుకులాట ఫలితాలకో పొజిషన్ చాలు.

రేకు సంఖ్యకు మాత్రం ఈ మూడింటిలో ఏదీ వాడలేదు. కీర్తనలు చెక్కిన రాగిరేకుల నుంచి వచ్చిన ఆ సంఖ్య కీర్తనకు సొంతం. కీర్తనల్ని రాగం వారీగా పేర్చినా, కొన్ని తీసేసినా అది మారకూడదు. అందుకే దాన్ని చేత్తో టైపు చేసి, అట్రిబ్యూట్‌లో (ట్యాగులోనే రాసే విలువగా) పెట్టి, ఇద్దరం కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు సరిచూసుకున్నాం.