బైపాస్ మీది అడితిలో తుమ్మ కట్టెలు కొనేవాళ్ళు జాగ్రత్త

పేరు రాయను కానీ, మా చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి కట్టెలు తెప్పించే వాళ్ళందరికీ తెలిసిన అడితే. చెల్లి పెళ్ళి వంటలకి ఎండు తుమ్మ ఒక టన్ను మాట్లాడుకున్నాం, డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నాడు, ట్రాక్టర్ చీకటి పడ్డాక వచ్చి గబగబా దింపేసి వెళ్ళిపోయింది.

పైన రెండు వరసలు మంచి నల్ల తుమ్మే. బెరడు నల్లగా, నిలువునా లోతుగా పగిలి ఉంది, కోసిన చోట చేవ ఎర్రగా కనిపిస్తోంది. కింద ఉన్నదంతా బూరుగు, రావి, అదీ పచ్చిది. తెల్లవారుజామున వంట మాస్టర్ గాడిపొయ్యి అంటించాక గానీ బయటపడలేదు. కట్టె కొసల నుంచి నురగ కారుతోంది, పందిరి నిండా పొగ, ఎంతసేపటికీ గుండిగలో ఎసరు కాగట్లేదు. తుమ్మ అయితే ఒకసారి అంటుకుంటే నిదానంగా మండి గట్టి నిప్పు కడుతుంది, మంట లాగేసినా ఆ నిప్పుల మీద పప్పు ఉడికిపోతుంది. బూరుగు ఎండినదైనా భగ్గుమని మండి బూడిదైపోయే రకం. పచ్చిదైతే ఆ మంటా రాదు, పుట్టిన వేడంతా అందులో తేమ ఆవిరవడానికే పోతుంది. అప్పుడే కొట్టిన కట్టె బరువులో చాలాసార్లు సగం దాకా నీళ్ళే, మేం తుమ్మ ధర పెట్టి ఆ నీళ్ళు తూకం వేయించుకున్నాం.

ఇంతవరకూ అయితే కూలీల పొరపాటు అని సరిపెట్టుకునేవాళ్ళం. నాన్న ఫోన్ చేసి "బాబూ, అడుగున రావి కట్టెలు వచ్చాయి, కొంచెం ఎండువి పంపించు, ఏమన్నా తేడా ఉంటే ఇస్తాం" అని మర్యాదగానే అడిగారు. దానికి వాడు "కట్టె అన్నాక పొగ రాదా పెద్దాయనా, అసలు తుమ్మేదో రావేదో మీకు తెలుసా, మీ వంటోడికి పొయ్యి పెట్టడం రాకపోతే నేనేం చేస్తా" అని ఫోన్ పెట్టేశాడు. జీవితమంతా వ్యవసాయం చేసి, నాగలి, బండి చక్రాలు తుమ్మతో దగ్గరుండి చేయించుకున్న మనిషి ఆయన. కూతురి పెళ్ళి రోజున, చుట్టాలంతా వింటుండగా, ఆ మాట పడ్డారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతోంది. తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

చివరికి బాబాయి పక్క ఊరి నుంచి సరుగుడు కట్టెలు, రెండు గ్యాస్ సిలిండర్లు తెచ్చి గట్టెక్కించాడు. ఆ సరుగుడు పూర్తిగా ఆరకపోయినా చక్కగా మండింది, దాని గుణమే అంత.

కట్టెలు పగలే దింపించుకోండి, అడుగు వరస దాకా తీసి చూడండి. ఎండిన కట్టెకి కొసల్లో నెర్రెలుంటాయి, బెరడు ఊడొస్తుంది, రెండు కట్టెలు కొడితే ఖంగుమంటుంది, పచ్చిది మొద్దుగా మోగుతుంది. రావి బెరడు బూడిదరంగులో ఉంటుంది, పచ్చిది అయితే గీస్తే పాలు కారతాయి. బూరుగు లోపల తెల్లగా, గోరు దిగేంత మెత్తగా ఉంటుంది. సగం డబ్బు దింపాకే ఇవ్వండి. మేం కాటా చీటీ, ఫోటోలతో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. ఇదే అడితిలో దెబ్బతిన్నవాళ్ళ దగ్గర చీటీ ఉంటే మీరూ చేయండి.