బోటుకు నీటి అడుగు లైట్లు పెట్టిస్తున్నారా? డ్రిల్ పెట్టనిచ్చే ముందు ఒక్కసారి ఇది చదవండి

రాత్రిపూట బోటు వెనక నీళ్లు నీలంగా మెరుస్తుంటే చూడటానికి చాలా బాగుంటుంది. అందుకే ఈ లైట్లు అమ్మేవాళ్లు వెలుగు గురించే మాట్లాడతారు. ఎన్ని ల్యూమెన్లు (వెలుగు కొలత), ఎన్ని రంగులు, ఫోన్‌తో ఎలా మార్చుకోవచ్చు, అంతా అదే. కానీ మనం డబ్బులిచ్చి చేయించుకుంటున్న అసలు పని నీటిమట్టానికి కింద మన బోటుకు చిల్లు పెట్టించుకోవడం. ఆ చిల్లు ఎలా పెడతారో, దేనితో మూస్తారో అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. నేను అడిగినా సరైన సమాధానం రాలేదు. ఇప్పుడు నా బోటు ట్రాన్సమ్ (వెనక వైపు అడ్డగోడ) లోపల నానిపోయి స్టాండ్ల మీద ఉంది. ఇంకొకరికి ఇలా కాకూడదని రాస్తున్నాను.

నాది ఫైబర్‌గ్లాస్ బోటు. లైట్లు, బిగింపు, వైరింగ్ అన్నీ కలిపి ప్యాకేజీగా ఒకే షాపులో మాట్లాడుకున్నాను. బిల్లు మీద ‘మెరైన్ గ్రేడ్ స్టెయిన్‌లెస్’ అని రాసిచ్చారు. పని మొదలుపెట్టక ముందే "ట్రాన్సమ్‌లో కోర్ ఉందేమో చూశారా?" అని అడిగాను. కోర్ అంటే రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య నింపే చెక్క గానీ ఫోమ్ గానీ. "అంతా గట్టి గ్లాసే సార్, ఇలాంటివి ఎన్నో చేశాం" అన్నారు. పొద్దున డ్రిల్ పట్టుకున్నారు, సాయంత్రానికి బోటును నీళ్లలోకి దించేశారు. చిల్లు సందులు మూసే సీలెంట్ ఆరడానికి టైమ్ అక్కర్లేదా అంటే, ఇది త్వరగా ఆరే రకం అన్నారు.

మొదట ఒక లైటు అద్దం లోపల ఆవిరి పట్టింది. ఫోన్ చేస్తే "మామూలే సార్, వేడికి అదే పోతుంది" అన్నారు. తర్వాత బిల్జ్ (బోటు అడుగున నీళ్లు చేరే చోటు) పంపు ఊరికే ఊరికే ఆన్ అవడం మొదలైంది. వాన లేదు, ఇంజన్ నడవడం లేదు, అయినా పంపు తిరుగుతోంది. ఇక ఆగలేక బోటును పైకి తీయించి, వేరే మెకానిక్‌తో లైటు విప్పించాను.

మరలు వదులు చేసి లైటును కాస్త కదిపేసరికి చిల్లు అంచు నుంచి ముదురు గోధుమ రంగు నీళ్లు చుక్కలుగా మొదలై, సన్నటి ధార కట్టాయి. బోటు బయట అంతా ఆరిపోయాక కూడా ఆ ధార ఆగలేదు. మెకానిక్ స్క్రూడ్రైవర్ మొనను అంచు లోపలికి గుచ్చితే, చెక్క నానిన అట్టముక్కలా పొరలు పొరలుగా ఊడొచ్చింది. అది బాల్సా, తేలికపాటి చెక్క. ‘అంతా గట్టి గ్లాసే’ అన్న చోట రెండు గ్లాసు పొరల మధ్య బాల్సా కోర్ ఉంది. చిల్లు చుట్టూ ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) జాడే లేదు. సీలెంట్‌ను గోటితో లాగితే మొత్తం ఒకే ముక్కగా వచ్చేసింది. వాళ్లు బోటులో వదిలేసి పోయిన ఖాళీ ట్యూబ్ ఆ తర్వాత బయటపడింది. దాని మీద స్నానాల గదులకు, కిటికీలకు వాడాలని రాసి ఉంది.

లైటు బాడీ సంగతి ఇంకో కథ. పైన పటారం, లోన లొటారం. పైపూత గీకితే లోపల పసుపు. ఉప్పునీళ్లు తగిలే అంచున మాత్రం గులాబీ రంగు తిరిగింది. స్టెయిన్‌లెస్ పేరుతో వాళ్లు అమ్మింది క్రోమియం పూత వేసిన ఇత్తడి. ఇత్తడిలో రాగి, జింక్ కలిసి ఉంటాయి. సముద్రపు నీళ్లలో జింక్ మెల్లగా కరిగిపోయి, బలం లేని గుల్ల రాగి మిగులుతుంది. ఆ గులాబీ రంగుకు అర్థం అదే. చూడటానికి ఆకారం అలాగే ఉంటుంది, గట్టిగా బిగిస్తే విరుగుతుంది. కొనేటప్పుడు నాకు అయస్కాంతం పెట్టి మరీ చూపించారు, అంటుకోలేదు కదా అని. నిజమే, సముద్రపు పనికి వాడే 316 రకం స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం మామూలుగా అంటుకోదు. కానీ ఇత్తడికీ అంటుకోదు, సముద్రానికి అంతగా తట్టుకోలేని 304కీ మామూలుగా అంటుకోదు. కాబట్టి ఆ పరీక్ష చూపించి ఎవరైనా నమ్మించబోతే నమ్మకండి. బాడీ ఏ లోహమో తయారీదారు కాగితం మీద రాసి ఉండాలి. నీటి కిందకు మంచి కంచు గానీ, 316 గానీ, దీని కోసమే చేసిన గట్టి ప్లాస్టిక్ గానీ వాడతారు. 316 కూడా గాలి తగలని సందుల్లో, సీలెంట్ కింద, సముద్రపు నత్తగుల్లలు పట్టిన చోట గుంటలు పడుతుంది. అందుకే ఏడాదికోసారైనా దగ్గరగా చూసుకోవాల్సిందే.

ఇక కోర్. చాలా ఫైబర్‌గ్లాస్ బోట్లలో బరువు తగ్గించడానికి, బిగువు కోసం రెండు పొరల మధ్య బాల్సా గానీ, ఫోమ్ గానీ, ట్రాన్సమ్‌లో అయితే ప్లైవుడ్ గానీ పెడతారు. చిల్లు పెడితే ఆ కోర్ అంచు బయటపడుతుంది. నీళ్లు అక్కడి నుంచి పక్కలకు పాకుతాయి. సరిగ్గా చేసేవాళ్లు ముందు సన్నటి చిల్లు పెట్టి డ్రిల్‌కు వచ్చే పొట్టు చూస్తారు. అంతా తెల్లటి గ్లాసు పొడి వస్తే సరే, చెక్కపొట్టో నురగ ముక్కలో వస్తే కోర్ ఉన్నట్టే. అప్పుడు చిల్లు చుట్టూ కోర్‌ను లోపలికి తవ్వి తీసేసి, ఆ ఖాళీని చిక్కటి ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక ఆ ఎపాక్సీ మధ్య నుంచి మళ్లీ చిల్లు పెడతారు. లైటు చుట్టూ ఎక్కడా చెక్క నీటికి కనపడకూడదు. మామూలు ఎపాక్సీ గట్టిపడటానికి రాత్రంతా పడుతుంది. కోర్ ఉన్న బోటుకు ‘పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లండి’ అన్నారంటే ఈ పని చేయడం లేదనే అనుమానించాలి. గట్టి గ్లాసే అయినా కోసిన అంచుకు ఎపాక్సీ పూయాలి.

సీలెంట్ పేరు తప్పకుండా అడగండి. నీటి కింద వాడేవి ఎక్కువగా పాలీయురేథేన్ రకాలు. ఉదాహరణకు అందరూ వాడే 3ఎం 5200 పూర్తిగా గట్టిపడటానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది. అది జన్మలో ఊడదు, లైటు మార్చాల్సి వస్తే గ్లాసు పొరనే లాక్కొస్తుంది. అందుకని ఎప్పటికైనా విప్పాల్సిన లైట్లకు 4200 లాంటి కాస్త తక్కువ పట్టున్న రకం నయం. కొన్ని సీలెంట్లు ప్లాస్టిక్ అద్దాలను, ప్లాస్టిక్ బాడీలను పగలగొడతాయి. కాబట్టి ఏది వాడాలో లైటుతో వచ్చిన పుస్తకంలోనే చూడాలి, షాపులో ఏది చేతికి దొరికితే అది పూయనివ్వకూడదు. బిగించేటప్పుడు వెనిగర్ వాసన వచ్చిందంటే అది కంచునూ రాగి తీగలనూ తినే సిలికాన్. అక్కడే పని ఆపించండి.

చిన్న చిల్లే కదా, పంపు ఉంది కదా అనేవాళ్లు చాలామంది. లెక్క చూడండి. నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల కింద, వైరు పట్టే 12 మిల్లీమీటర్ల చిల్లు తెరుచుకుంటే నిమిషానికి దాదాపు 10 లీటర్లు లోపలికి వస్తాయి, అంటే గంటకు 600. బ్యాటరీ ఉన్నంతసేపు పంపు తోడుతుంది, ఆ తర్వాత? అద్దం, బాడీ మొత్తం హల్ (బోటు అడుగు, పక్కల గోడ) గుండా వెళ్లే త్రూ-హల్ లైట్లకు 50 మిల్లీమీటర్ల చిల్లు అనుకుంటే, అదే లోతులో నిమిషానికి 170 లీటర్ల దాకా వస్తాయి. చిన్న బోట్లలో పెట్టే పంపులు దాని ముందు నిలవవు. నాకు ఊటలాగా వచ్చింది కాబట్టి బోటు దక్కింది.

అల్యూమినియం హల్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. కంచు లైటును నేరుగా అల్యూమినియంకు బిగిస్తే ఉప్పునీళ్లలో రెండూ కలిసి బ్యాటరీలా పనిచేస్తాయి, అరిగేది మాత్రం మీ హల్. ప్లాస్టిక్ బాడీ లైట్లు తీసుకోవడం గానీ, లోహం లోహానికి తగలకుండా స్లీవ్ వేయించడం గానీ చేయాలి. ఫైబర్‌గ్లాస్ బోట్లలోనూ లోహపు లైటును, మిగతా లోహాలకు బదులు తాము అరిగే జింక్ ముక్కలున్న (యానోడ్లు) బాండింగ్ వైరుకు కలపాలా వద్దా అన్నది తయారీదారు చెప్పినట్టే చేయాలి.

వైరింగ్ చూసి మా మెకానిక్ తల పట్టుకున్నాడు. ఇళ్లలో వాడే మామూలు రాగి వైరు, బిల్జ్ నీళ్లకు జానెడు ఎత్తులో మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లు. టేపు విప్పితే లోపలి రాగి పచ్చబడి పొడిగా రాలింది. బోటులో తగరపు పూత ఉన్న రాగి వైరు, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ జాయింట్లు వేయాలి, అవి కూడా వీలైనంత పైన. ఫ్యూజ్ ఎక్కడుందని వెతికితే స్విచ్ పక్కన ఉంది. బ్యాటరీ నుంచి స్విచ్ దాకా వైరుకు ఏ రక్షణా లేదు. అమెరికా బోటు ప్రమాణమైన ఏబీవైసీ ఇ-11 ప్రకారం ఫ్యూజ్ బ్యాటరీకి సుమారు 18 సెంటీమీటర్ల లోపే ఉండాలన్నది మూల సూత్రం. పెట్రోలు ఇంజన్ గదిలో లైటుకు కరెంటు అందించే డ్రైవర్ పెట్టె గానీ స్విచ్ గానీ పెడితే అది నిప్పురవ్వ బయటికి రాని ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ రకం అయి ఉండాలి. దీన్ని మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు, ప్రాణాలు పోతాయి.

ఎవరూ చెప్పని ఇంకో ఇబ్బంది రేడియోది. చవక ఎల్‌ఈడీ డ్రైవర్లు బోట్లు మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియోలో, చుట్టుపక్కల ఓడల జాడ చూపే ఏఐఎస్‌లో గోల పెడతాయి. అమెరికా కోస్ట్ గార్డ్ 2018లో దీని మీద భద్రతా హెచ్చరికే ఇచ్చింది. పరీక్ష సులువు. మాటలు లేని ఛానెల్ పెట్టి, గరగర వినపడేదాకా స్క్వెల్చ్ (గరగరను అణిచే మీట) తగ్గించి, మళ్లీ సరిగ్గా ఆగేదాకా పెంచండి. ఇప్పుడు లైట్లు వేయండి. గరగర తిరిగి వచ్చిందంటే దూరపు కేకలు మీ రేడియోకు వినపడకపోవచ్చు. నా బోటులో లైట్లు వెలిగితే చాలు, స్పీకర్ ఏకధాటిగా బుసకొట్టింది. డబ్బు మొత్తం ఇచ్చే ముందు ఈ పరీక్ష వాళ్ల ఎదురుగానే చేయండి. వెలుగు పరీక్ష మాత్రం నీళ్లలోనే చేయాలి. చాలా లైట్లకు నీళ్లే చల్లదనం, గాలిలో ఎక్కువసేపు వెలిగిస్తే లోపల కాలిపోతాయి. నాకు షెడ్డులో మాట్లాడినంతసేపూ వెలిగించే ఉంచారు.

పెట్టె మీది అంకెల గురించి రెండు మాటలు. నీళ్లు చొరబడకుండా ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ అంకెల్లో, ఐపీ67 అంటే మీటరు లోతులో అరగంట ముంచి చూశారని. ఏళ్ల తరబడి నీళ్లలో ఉండే లైటుకు అది చాలదు. ఐపీ68కి లోతు, సమయం తయారీదారే ప్రకటిస్తాడు, కాబట్టి ఆ లోతెంతో సమయమెంతో అడగాలి. ల్యూమెన్లలోనూ, లోపలి ఎల్‌ఈడీ చిప్ ఇవ్వగలిగినదాన్ని గొప్పగా రాస్తారు. అద్దం దాటి బయటికి వచ్చేది అంతకంటే తక్కువ. ఇంకొకటి, సముద్రంలో ఢీకొనకుండా చూసే 1972 అంతర్జాతీయ నిబంధనల్లో 20వ నియమం ప్రకారం, నావిగేషన్ లైట్లుగా పొరబడే లైట్లు గానీ, చూపుకు అడ్డొచ్చే లైట్లు గానీ రాత్రి వెలిగించకూడదు. ప్రయాణంలో వీటిని ఆపేయండి. ఎరుపు, మిణుకుమిణుకుమనే నీలం జోలికి అసలు పోవద్దు.

అన్నీ చూపించి నిలదీస్తే షాపువాళ్లు నీళ్లు నమిలారు. తర్వాత "మీ కోర్ ముందే నానిపోయి ఉంటుంది సార్" అని నెపం నా బోటు మీదే వేశారు. నేను బోట్లు తనిఖీ చేసే సర్వేయర్‌ను పిలిపించి తేమ మీటరుతో ట్రాన్సమ్ అంతా కొలిపించాను. ఆ చిల్లుల చుట్టూ తడి, దూరంగా ఉన్న చోట పొడి అని రాతపూర్వకంగా ఇచ్చారు. ఆ రిపోర్టు ఉంది కాబట్టే వాళ్లు ఇప్పుడు ఫోన్ ఎత్తుతున్నారు. డబ్బు ఇంకా రాలేదు, వదిలేదీ లేదు.

మీరైతే డ్రిల్ పెట్టకముందే ఆ తేమ కొలతలు తీయించి ఫోటోలు పెట్టుకోండి. లైటు లోహం, సీలెంట్ పేరు, కోర్‌కు ఏం చేస్తారో, ఎన్ని రోజులు ఆరనిస్తారో ఎస్టిమేట్‌లోనే రాయించండి. లైటు కూర్చోబెట్టే ముందు ఖాళీ చిల్లును మీ కళ్లతో చూడండి, ఫోటో తీయండి. చూడనివ్వం అంటే బోటును తీసుకొచ్చేయండి. అప్పుడప్పుడూ రాత్రి చేపలకో, ఈతకో వెలుగు కావాలనుకునేవాళ్లకు, ఉన్న డ్రెయిన్ ప్లగ్ చోటే బిగించే లైట్లు, పక్క నుంచి నీళ్లలోకి దించే లైట్లు ఉన్నాయి. వాటికి కొత్త చిల్లే అక్కర్లేదు.

ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లు బిల్జ్ పూర్తిగా తుడిచి, లోపలి వైపు ప్రతి లైటు నట్టు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి కొన్ని గంటలు వదిలేసి చూడండి. కాగితం తడిసినా, అద్దం లోపల ఆవిరి కనపడినా, ప్లాస్టిక్ సుత్తితో తట్టినప్పుడు చిల్లు చుట్టూ మోగకుండా మొద్దుగా వినపడినా, బోటును వెంటనే పైకి తీయించండి. తీసేలోపు ఆ చిల్లుకు సరిపోయే కోసు చెక్క బిరడాను లైటు పక్కనే తాడుతో కట్టి ఉంచండి.